డబ్బు కట్టేస్తే పుస్తకం వచ్చినట్టేనా?

గ్రంథాలయం పుస్తకం పోగొట్టినవాడు ధరకు రెండింతలో మూడింతలో కట్టేస్తే వ్యవహారం ముగిసినట్టే అన్నది మన గ్రంథాలయాల్లో ఎవరూ ప్రశ్నించని సూత్రం. కౌంటర్‌లో ఉద్యోగి అదే అంటాడు. ఆడిట్‌కు వచ్చిన అధికారికి రసీదు కనిపిస్తే చాలు. పోగొట్టిన పాఠకుడు కూడా జరిమానా కట్టేసి, తల దించుకోనక్కర్లేదని తేలిగ్గా బయటపడతాడు. ముగ్గురి లెక్కా సరిపోయింది. వచ్చే నెల అదే పుస్తకం కోసం వచ్చే నాలుగో మనిషి లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. ఆయన అడుగుతాడు, వీళ్లు రిజిస్టరు తిరగేస్తారు, "అది పోయిందండీ, డబ్బు కూడా వసూలైపోయింది" అంటారు. డబ్బు వసూలైంది కాబట్టి ఇక అడగడానికి ఏముందన్న విసుగు ఆ గొంతులో వినిపిస్తుంది.

ఈ సూత్రం తప్పని నా వాదన. ఎవరి వల్ల పోయినా, ఎవరి వల్లా పోకపోయినా, పోయిన పుస్తకం చోట పుస్తకం తెచ్చి పెట్టడం గ్రంథాలయం పని. జరిమానా ఆ పనికి పెట్టుబడి కావచ్చు గానీ ఆ పనికి బదులు కాలేదు.

ముందు డబ్బు సంగతే చూద్దాం. 1962లో రెండున్నర రూపాయలకు కొన్న నవల ఒకటి పోయిందనుకోండి. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి నమోదు చేసే అక్సెషన్ రిజిస్టరులో ధర గడిలో ఉన్నది ఆ రెండున్నరే. మూడింతలు వేస్తే ఏడున్నర. దానితో ఆ నవల కొనడం మాట అటుంచండి, అందులో పది పేజీలు జిరాక్స్ కూడా రావు. కొన్నిచోట్ల 'ప్రస్తుత ధర' అని నిబంధన మార్చుకున్నారు. మంచిదే. పునర్ముద్రణే లేని పుస్తకానికి ప్రస్తుత ధర ఎవరు కట్టాలి? అది తేల్చేవాడు లేక మళ్లీ ఆ రెండున్నర దగ్గరికే వస్తారు. పోనీ ఎంతో కొంత వసూలైందే అనుకుందాం, అది పుస్తకాల కొనుగోలు పద్దుకు చేరుతుందా? చాలాచోట్ల జరిమానాలు, పాత పేపర్లు అమ్మిన డబ్బు, సభ్యత్వ రుసుము అన్నీ కలిసి సాధారణ రాబడిలో పడతాయి. అక్కడికి చేరాక అది కరెంటు బిల్లుకు పోయిందో ఫినాయిల్‌కు పోయిందో చెప్పగల నాథుడు లేడు. పుస్తకం పేరు మీద వసూలు చేసిన డబ్బు పుస్తకం ముఖం చూడకుండానే ఖర్చవుతుంది.

ఈ పద్ధతి ఎంతవరకు పోతుందో ఒక ఊరి గ్రంథాలయంలో కళ్లారా చూశాను. రిటైరైన మాస్టారు ఒకాయన, తాను పోగొట్టిన నవలకు కొత్త ముద్రణ ఎక్కడో వెతికి కొని తెచ్చారు.

"పుస్తకమే తెచ్చానండీ, కొత్తది. జమ చేసుకోండి."

"ఇది మా పుస్తకం కాదు కదా మాస్టారూ. పబ్లిషరు వేరు, పేజీలు వేరు, ధర వేరు. ఆడిట్‌లో ఒప్పుకోరు. మీరు డబ్బే కట్టేయండి."

మాస్టారు డబ్బు కట్టి పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు. గ్రంథాలయానికి మిగిలింది ఒక రసీదు కౌంటర్‌ఫాయిల్. ఆ ఉద్యోగి చెడ్డవాడేం కాదు. రేపు తన జీతంలోంచి కోస్తారేమోనన్న భయం ఆయనది. పుస్తకాన్ని వద్దని డబ్బును తీసుకునేంత దూరం గ్రంథాలయాన్ని తోసిన నియమం మీదే నా కోపమంతా.

అన్నట్టు, ఆ ఉద్యోగి మాటలో ఒక నిజం ఉంది. ముద్రణ మారితే పుస్తకం మారవచ్చు. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయిన తొలి రూపం వేరు, గురజాడ దాదాపు తిరగరాసి 1909లో తెచ్చిన రెండో రూపం వేరు. మనం చదివేది, నాటకంగా చూసేది రెండోదే. తొలి ముద్రణ ఉన్న గ్రంథాలయంలో అది పోతే, బజార్లో దొరికే ప్రతి తెచ్చి పెట్టి 'భర్తీ చేశాం' అంటే చెల్లదు. అక్కడ కావలసింది ఆ తొలి ముద్రణకే నకలు. కానీ చదువుకోవడానికి పట్టుకెళ్లే మామూలు నవలకు ఈ పట్టింపు దేనికి? కథ మారనప్పుడు ఏ పబ్లిషరైతేనేం? కొత్త ప్రతికి కొత్త అక్సెషన్ నంబరు వేసి, పాత నంబరు ఎదురుగా 'దీని బదులు ఫలానా నంబరు' అని ఒక్క ముక్క రాస్తే ఏ ఆడిట్ అధికారికైనా అర్థమవుతుంది. ఏది ఏ రకమో తెలుసుకోవడానికే కదా లైబ్రేరియన్‌ను పెట్టుకున్నది. ధర గడి చూసి గుణించడానికైతే ఆయన అక్కర్లేదు.

పత్రికల దగ్గరికి వస్తే ఈ సూత్రం పూర్తిగా చతికిలబడుతుంది. పుస్తకానికి గ్రంథాలయంలో అడుగుపెట్టినప్పుడే అక్సెషన్ నంబరు పడుతుంది. పోతే, పోయిందని కనీసం ఒక గడి సాక్ష్యం చెబుతుంది. విడి సంచికకు ఆ భాగ్యం లేదు. పత్రికల రిజిస్టరులో వచ్చినట్టు ఒక టిక్కు, అంతే. ఏడాది సంచికలు పోగయ్యాక, బైండింగుకు డబ్బు మంజూరయ్యాక, సంపుటంగా మారాక అప్పుడు నంబరు. ఈలోపు మార్చి సంచిక ఎవరి చేతిసంచిలోకో చేరిపోతే లెక్కల్లో అది నష్టమే కాదు. పోగొట్టినవాడు తెలియదు, పోయిన రోజు తెలియదు, వసూలు చేద్దామన్నా ధర కొద్దిపాటిదే. బైండరు తనకు ఇచ్చిన పదకొండు సంచికలనే బిగించి కుట్టి, వీపు మీద బంగారు అక్షరాలతో సంవత్సరం వేసి పంపిస్తాడు. బీరువాలో చూస్తే నిండు సంపుటం. శ్రద్ధ ఉన్న లైబ్రేరియన్ అయితే లోపలి అట్ట మీద 'మార్చి లేదు' అని పెన్సిలుతో రాసి పెడతాడు. ఇంకాస్త ముందుచూపున్నవాడు మార్చి చోట ఖాళీ కాగితపు పట్టీలు వేసి కుట్టమంటాడు, దొరికినప్పుడు సంచికను అక్కడ అతికించవచ్చని. అలా పట్టీలు వేయించినవాళ్లు ఉన్నారు. ఆ పట్టీల మధ్యకు సంచిక వచ్చి చేరిన సంపుటాలు నాకు కనిపించింది తక్కువ.

విడి సంచికను మళ్లీ సంపాదించడం సులువైన రోజులు కొన్ని ఉంటాయి. రాలేదనో పోయిందనో ఆ నెలలోనే పత్రిక ఆఫీసుకు కార్డు రాస్తే మిగులు ప్రతి పంపుతారు, ఒక్కోసారి డబ్బు కూడా అడగరు. నాలుగు నెలలు దాటితే ఆ మిగులు కాస్తా తూకానికి వెళ్లిపోతుంది. మనకు మాత్రం పోయిన సంగతి బైండింగుకు కట్టలు విప్పినప్పుడు, అంటే రెండు మూడేళ్లకు తెలుస్తుంది. నెలనెలా ఎవరైనా ఒక పావుగంట కూర్చుని టిక్కులకూ సంచికలకూ జత చూస్తే తప్పిపోయే నష్టం ఇది. జరిమానా సూత్రం ఈ పావుగంటను అనవసరం చేసింది, వసూలు చేయాల్సిన మనిషి లేనప్పుడు వెతకాల్సిన అవసరమూ లేదనుకునే అలవాటు చేసింది.

దీనికి మూల్యం ఎంతో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. తెలుగులో తొలి కథ ఏదంటే చాలాకాలం 'దిద్దుబాటు' అని చదువుకున్నాం. అది 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి'లో అచ్చయింది. తొలి కథ కిరీటం ఎవరికన్నది ఇంకా వాదించుకోవచ్చు, కథ అంటే ఏమిటన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి వాదించుకోవచ్చు. ఆ వాదానికి ఆధారం ఒక నెల పత్రిక, ఒక సంచిక, అందులో కొన్ని పేజీలు. ఎక్కడో ఎవరో దాన్ని దాచబట్టి ఒక స్త్రీ పేరు మన సాహిత్య చరిత్రలో ఎనిమిదేళ్లు ముందుకు జరిగింది. అది ఉన్న చివరి సంపుటం కూడా పోయి, దాని ధరకు మూడింతలు ఖజానాకు జమ అయి ఉంటే? ఆ ఏడాది ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం కూడా వచ్చేది కాదు.

సంపుటం మొత్తం పోవడం కంటే నాకు ఎక్కువ ఒళ్లు మండేది బ్లేడు పని. పాత 'యువ' సంపుటమో 'చందమామ' సంపుటమో తీసి, వడ్డాది పాపయ్య ముఖచిత్రం ఉండాల్సిన చోట కుట్టు దగ్గర వేలు పెట్టి చూడండి. కొన్నింట్లో అర అంగుళం అంచు తగులుతుంది, నున్నగా, స్కేలు పెట్టి కోసినట్టు. సీరియల్ భాగాలు చించి ఇంట్లో విడిగా బైండు చేసుకున్న పుణ్యాత్ములూ ఉన్నారు. సొంత పత్రికలతో ఆ పని చేసినవాళ్లు ఎన్నో నవలల్ని బతికించారు, వాళ్లకు దణ్ణం. గ్రంథాలయం ప్రతి మీద చేసినవాళ్లు వందమంది చదువు చించేశారు. ఈ పేజీల లోటు ఏ స్టాక్ వెరిఫికేషన్‌లోనూ బయటపడదు. మొదటి పేజీ మీద ముద్ర ఉంది, నంబరు ఉంది, కాబట్టి సంపుటం 'ఉంది'. ఇంకో గ్రంథాలయంలో అదే సంచిక నిక్షేపంగా ఉండవచ్చు. అక్కడి నుంచి ఆ నాలుగు పేజీలు నకలు తెప్పించి అంచుకు అతికించడానికి అయ్యే ఖర్చు ఒక టీ ఖర్చు. నష్టమే నమోదు కానప్పుడు ఆ టీ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తెలియదు.

"ఇదంతా పాత గోల, అన్నీ పీడీఎఫ్‌లో ఉన్నాయి కదా" అనేవాళ్లు ఇప్పుడు తయారయ్యారు. వీళ్లతో కాస్త తీరిగ్గా మాట్లాడాలి, ఎందుకంటే పుస్తకం కొనక్కర్లేదన్నవాళ్లకు వీళ్ల మాటే ఆయుధం అవుతోంది. పీడీఎఫ్ ఆకాశం నుంచి ఊడిపడదు. ఏదో గ్రంథాలయం కాగితం ప్రతిని స్కానర్ మీద పరిస్తే వస్తుంది. మన తెలుగువాడైన రాజ్ రెడ్డి చొరవతో, బెంగళూరు ఐఐఎస్‌సీ ముందుండి నడిపిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చేసిన మేలు చిన్నది కాదు, వేల తెలుగు పుస్తకాలు దాని పుణ్యమా అని ఇళ్లకు చేరాయి. అందులో ఎన్ని పుస్తకాల్లో నడుమ పేజీలు లేవో, ఎన్నింటికి పేరు ఒకటైతే లోపల ఇంకొకటో వాడినవాళ్లందరికీ తెలుసు. ఆ లేని పేజీ కావాలంటే మళ్లీ కాగితం దగ్గరికే పోవాలి. ఆ కాగితాన్ని 'స్కాన్ అయిపోయింది కదా' అని వదిలించుకుని ఉంటే? పైగా ఆ సైటే తర్వాత మూతపడింది. అందులోంచి దించి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టినవాళ్లు ఉండబట్టి సరిపోయింది. అంటే పీడీఎఫ్‌కు కూడా వర్తించిన న్యాయం అదే, ఒకచోట పోతే ఇంకోచోట ఉండాలి, పోయినచోట మళ్లీ పెట్టాలి.

చట్టం ఏమంటుందో కూడా వీళ్లు చూసినట్టు లేదు. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం ఒక రచనను భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చంటుంది. షరతు ఏమిటంటే, ఆ రచన మామూలు ప్రతి ఆ గ్రంథాలయం దగ్గర అప్పటికే ఉండాలి. కాపీరైట్ ఉన్న పుస్తకానికి పీడీఎఫ్ దాచుకునే హక్కు కూడా బీరువాలో ఉన్న కాగితం వల్లే వస్తోంది. రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది కాబట్టి, మన గ్రంథాలయాల్లో ఎక్కువమంది అడిగే ఇరవయ్యో శతాబ్దపు రెండో సగం నవలలు, కథల్లో చాలావాటికి ఈ షరతు తగులుతుంది.

అదే సెక్షన్‌లో ఇంకో వెసులుబాటు ఉంది, మన గ్రంథాలయాలు దాన్ని వాడుకోకపోవడం నాకు మింగుడుపడదు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన అవసరానికి మూడు ప్రతుల దాకా నకలు తీయించుకోవచ్చు. ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు, గ్రంథాలయం బాధ్యుడు చెబితే చాలు. 'మార్కెట్లో లేదండీ, ఏం చేయమంటారు' అన్న జవాబుకు చట్టం ముందే ఇచ్చిన సమాధానం ఇది. మార్కెట్లో లేకపోవడమే నకలు తీయించుకోవడానికి అర్హత! మంచి కాగితం మీద రెండు వైపులా తీసి, గట్టి అట్ట వేయిస్తే మరో ముప్పై ఏళ్లు చదువుకోవచ్చు. పోగొట్టిన పాఠకుడి దగ్గర వసూలు చేయాల్సింది ఈ ఖర్చు, రెండున్నరకు మూడింతలు కాదు.

"ఎవరు చదువుతారండీ వాటిని?" అన్నది తర్వాతి బాణం. ఇష్యూ రిజిస్టరు తీసి చూపిస్తారు, పదేళ్లలో ఒక్కరూ తీసుకోలేదని. పదేళ్ల కిందట పోయిన పుస్తకాన్ని పదేళ్లలో ఎవరు తీసుకుంటారు? అడిగి లేదనిపించుకుని వెళ్లిపోయినవాళ్ల పేర్లు రాసే రిజిస్టరు మన గ్రంథాలయాల్లో ఎన్నింట ఉంది? అది ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ సూత్రం ఇంత బలంగా పాతుకుపోవడానికి కారణం భయం. లెక్క తేలకపోతే లైబ్రేరియన్ జీతం మీదికి వస్తుందన్న భయం. దాంతో మంచి పుస్తకాలన్నీ రిఫరెన్స్ అనే పేరుతో బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం మొదలవుతుంది. పుస్తకాలున్నది వాడుకోవడానికి అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే మొదటి సూత్రంగా రాశారు, ఆ సూత్రం గోడ మీద ఫ్రేము కట్టి ఉంటుంది, దాని కిందే తాళం వేసిన బీరువా ఉంటుంది. నిజానికి ప్రభుత్వం కూడా ఇంత కఠినంగా ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లో 215వ నిబంధన చూడండి. ఏడాదిలో పాఠకుల చేతికి ఇచ్చిన వెయ్యి సంపుటాలకు ఐదు పోవడాన్ని సహజ నష్టంగా అది ఒప్పుకుంటుంది, మోసమో నిర్లక్ష్యమో కారణం కానంతవరకు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం పోయినా, ధర ఎంతైనా సరే అరుదైన పుస్తకం పోయినా తప్పక విచారించమంటుంది. ఆ 'ధర ఎంతైనా సరే' దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆర్థిక శాఖవాళ్లు రాసిన నిబంధనే అరుదైన పుస్తకాన్ని ధరతో కొలవలేమని ఒప్పుకుంటుంటే, గ్రంథాలయాలు ఇంకా మూడింతల ఎక్కం దగ్గరే ఉన్నాయి. ఆ నిబంధన కేంద్ర సంస్థలకే కావచ్చు. రాష్ట్రాల్లో, జిల్లా గ్రంథాలయ సంస్థల్లో అలాంటిది పెట్టుకోవద్దని ఎవరన్నారు?

ఇంకో అన్యాయం కూడా ఈ సూత్రంలో ఉంది. నిజాయితీగా వచ్చి 'బస్సులో మర్చిపోయానండీ' అని చెప్పినవాడు కడతాడు. చొక్కా కింద దోపుకుని వెళ్లినవాడు కట్టడు. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం నీట మునిగింది. ఆ నష్టానికి ఎవరి దగ్గర మూడింతలు వసూలు చేయాలి, వరద దగ్గరా? చెదలు, వాన, దొంగ, బైండరు దగ్గర చిక్కుకుపోయిన కట్ట, వీటివల్ల పోయే పుస్తకాల ముందు పాఠకుడు పోగొట్టేవి ఏపాటి? వసూలు చేసే వీలున్న చోటే నష్టాన్ని గుర్తిస్తామంటే మిగతా నష్టమంతా ఎవరి పాపం?

డబ్బు లేదన్న మాట నిజమే. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నా, మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసినదాన్ని గ్రంథాలయ సంస్థలకు బదలాయించకుండా బకాయి పెట్టడం ఏళ్లనాటి జబ్బు. ఆ పోరాటం చేయాల్సిందే. కానీ పోయినవాటిని మళ్లీ తెచ్చుకోవడంలో సగం పనికి డబ్బు కంటే ఉత్తరాలు ఎక్కువ కావాలి. ఒక గ్రంథాలయంలో రెండేసి ప్రతులు చోటు లేక మూలన పడి ఉంటాయి, ఇంకో గ్రంథాలయంలో అవే లోటు. ఎవరి జాబితా ఎవరికీ తెలియదు. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచి ఉంది, దాన్ని నిలబెట్టినవాళ్లలో అచ్చమాంబ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఒకరు. 1954 చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా పుస్తకాలు పంపాల్సిన నాలుగు చోట్లలో చెన్నై కన్నెమరా ఒకటి, కలకత్తా జాతీయ గ్రంథాలయం ఇంకొకటి. అందరూ పంపారని కాదు, అడిగి చూడటానికి చిరునామా ఉందని. 1962 నుంచి పి.ఎల్. 480 పథకం కింద అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన పుస్తకాలు, పత్రికలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. మనం తూకానికి వేసిన సంచిక విస్కాన్సిన్‌లో ఉండవచ్చు. అంత దూరం పోకముందు ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. అక్కడ కొనడానికి లైబ్రేరియన్ చేతిలో నెలకు ఐదొందలు పెట్టి, కొటేషన్లు అడగకుండా, కొన్న పుస్తకమే రసీదు అనుకుని వదిలేయగల కార్యదర్శి కావాలి. మూడు కొటేషన్లు తెమ్మంటే ఫుట్‌పాత్ వ్యాపారి నవ్వుతాడు.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. పోయిన పుస్తకాల కింద వచ్చిన డబ్బుకు వేరే పద్దు పెట్టండి, అది భర్తీకి తప్ప మరి దేనికీ ఖర్చు కాకూడదు. పుస్తకం తెచ్చిచ్చిన పాఠకుడి దగ్గర పుస్తకమే తీసుకోండి. పోయిన సంచికల జాబితా కౌంటర్ పక్కన వేలాడదీయండి. 'మా తాతగారి పెట్టెలో ఉందండీ' అనే మనిషి ఏ ఊళ్లోనైనా ఒకరుంటారు. ఇక రద్దు రిజిస్టరులో గీత గీసే ముందు కనీసం రెండు గ్రంథాలయాలకు రాసి, వాళ్ల జవాబులు ఆ పేజీకి జతచేయాలని నియమం పెట్టండి. సిబ్బంది లేరంటారా, ఒక పుస్తకం గురించి రెండు కార్డులు రాయడానికి పట్టే సమయం, దాన్ని రద్దు చేయడానికి పై అధికారికి ఫైలు నడిపే సమయం కంటే ఎక్కువేమీ కాదు.